కుళాయి ముట్టుకుంటే షాక్, గీజర్ ఆపేసినా ఆగట్లేదు

కృష్ణలంక కోడలు
అందరికీ నమస్కారం. విజయవాడ కృష్ణలంకలో పాత డాబా ఇంట్లో పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. కింద ఓనర్ గారు ఉంటారు. కొన్నాళ్లుగా బాత్‌రూమ్‌లో స్టీలు కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమంటోంది. నాకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. మొన్న మా పాప స్నానానికి వెళ్లి "అమ్మా, కుళాయి కొరుకుతోంది" అని ఏడుస్తూ బయటికొచ్చింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

ఎండాకాలం కదా, మా గీజర్ వాడటమే లేదు, స్విచ్ ఆపేసి ఉంది. అంతకుముందు తడికాళ్లతో ఫ్రిజ్ తలుపు తీసినా షాక్ కొట్టేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఫ్రిజ్ ప్లగ్ విప్పి లోపల పచ్చ వైరు కత్తిరించేశాడు. ఫ్రిజ్ షాక్ ఆగిపోయింది, కుళాయిది మాత్రం అలాగే ఉంది. పొద్దున్నే ఎక్కువ, మధ్యాహ్నం అసలు ఉండదు. ఓనర్ గారిని అడిగితే "పాత ఇల్లు కదమ్మా, గోడలు చెమ్మ పట్టి ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్లండి" అన్నారు. చెమ్మ వల్ల ఇలా అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
అమ్మా, ముందు ఒక మాట. మూలం దొరికేదాకా ఆ బాత్‌రూమ్‌లోకి పాపని పంపకండి. మీరూ ఆ కుళాయి ముట్టుకోకండి. ఇంట్లో ప్లాస్టిక్ కుళాయి ఉంటే దాని దగ్గర నీళ్లు పట్టుకోండి. చెప్పులు వేసుకుంటే షాక్ తెలియకపోవచ్చు గానీ కుళాయిలో కరెంటు ఎక్కడికీ పోదు. చెప్పులు తడిసినా, రెండో చెయ్యి గోడకి ఆనినా ఆ కాపుదల కూడా ఉండదు.

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబుంది. పచ్చ వైరు కత్తిరిస్తే ఫ్రిజ్ షాక్ ఆగిందంటే తప్పు ఫ్రిజ్‌ది కాదు, కరెంటు ఆ పచ్చ వైరు మీదుగా బయటినుంచి ఫ్రిజ్‌కి వస్తోంది. లీకైన కరెంటును భూమిలోకి దించడం పచ్చ వైరు పని. ఎర్త్ గుంత లేకపోయినా, గుంత దగ్గర వైరు తెగినా ఇక అది దిగే చోటుండదు. అప్పుడు ఏదో ఒక వస్తువులో లీకైన కరెంటు పచ్చ వైరు వెంట నడిచి, త్రీపిన్ ప్లగ్ ఉన్న ప్రతి వస్తువు ఒంటి మీదికీ వస్తుంది. గీజర్ రేకు మీదికి వస్తే అక్కణ్ణుంచి ఇనప గొట్టానికి, గొట్టం నుంచి కుళాయికి. మీ గీజర్ స్విచ్ ఆపి ఉన్నా తేడా ఉండదు. స్విచ్ ఫేజును, అంటే కరెంటు తెచ్చే వైరును ఆపుతుంది, పచ్చ వైరును ఏ స్విచ్చూ ఆపదు.

పొద్దున్నే ఎక్కువ అన్నారు. పొద్దున్నే ఎవరు, ఏం వాడుతున్నారు అన్నది చూడాలి. ఈసారి మంచి ఎలక్ట్రీషియన్‌ని షాక్ వచ్చే వేళకే పిలవండి. మీ పోర్షన్ మెయిన్ ఆపేసి, అప్పుడు కుళాయిని పరీక్షించమనండి. మెయిన్ ఆపినా కుళాయిలో కరెంటు ఉంటే అది మీ ఇంటిది కాదు. ఈ పరీక్ష మీరు చెయ్యొద్దు, చేత్తో ముట్టుకుని చూడటం అసలే వద్దు.

బ్రాడీపేట మేడ
గుంటూరు నుంచి. నేను ఓనర్‌నే, మాకూ రెండు పోర్షన్లు అద్దెకున్నాయి. వైర్‌మ్యాన్ గారూ, పాత పింగాణీ ఫ్యూజులు తీసేసి అన్ని పోర్షన్లకీ ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) పెట్టించాను. షాక్ కొడితే ఎంసీబీ పడిపోతుంది కదండీ? మళ్లీ ఆర్‌సీసీబీ అని ఇంకోటి పెట్టించమంటున్నారు షాపులో. అమ్ముకోవడానికేనా, నిజంగా అవసరమా?

ఈఈఈ ఫైనలియర్
అవసరమేనండి, లెక్క చూడండి. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6 ఆంపియర్లు దాటాకే అది కదలడం మొదలుపెడుతుంది. అంటే 6000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి 10 మిల్లీ ఆంపియర్లు పోతేనే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని పరిస్థితి వస్తుంది. 30 దాటి కాసేపు ఉంటే ఊపిరికి, గుండెకు ప్రమాదం. కాబట్టి మనిషి గిలగిల్లాడుతున్నా ఎంసీబీకి అదొక చిన్న బల్బు వెలిగినట్టే, పట్టించుకోదు. దాని పని వైర్లు కాలిపోకుండా చూడటం.

ఆర్‌సీసీబీ వేరే పని చేస్తుంది. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే అంత తేడా వచ్చేలోపే, 0.3 సెకను కూడా పట్టకుండా ఆపేస్తుంది. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అమ్ముతారు గానీ మనిషిని కాపాడటానికి అవి సరిపోవు. ఇంకో సంగతి, ఓవర్‌లోడ్ అయితే ఆర్‌సీసీబీ పడదు, అందుకే రెండూ ఉండాలి. రెండు పనులూ ఒకదాంట్లోనే కావాలంటే ఆర్‌సీబీఓ అని దొరుకుతుంది.

బ్రాడీపేట మేడ
అర్థమైంది బాబూ. మరి కృష్ణలంక అమ్మాయి తన పోర్షన్‌లో ఒకటి పెట్టించుకుంటే సరిపోతుందా?

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
ఆ అమ్మాయి విషయంలో సరిపోదు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెప్తాను. ఆర్‌సీసీబీ తన గుండా వెళ్లే కరెంటునే కాపలా కాస్తుంది. లీకు కింద పోర్షన్‌లో ఉంటే ఆ కరెంటు కింది మీటరు నుంచి వస్తోంది, పచ్చ వైరు మీదుగా పైకెక్కుతోంది. పై పోర్షన్ ఆర్‌సీసీబీకి అసలు సంబంధమే లేదు. పైన మనిషికి షాక్ కొడుతున్నా అది నిలబడే ఉంటుంది. ఒకే కప్పు కింద ఎన్ని మీటర్లుంటే అన్నిటికీ ఉండాలి.

ఎర్త్ కూడా సరిగా ఉండాలి. ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది గానీ, ఎవరో ఒకరు ముట్టుకుని, ఒంట్లోంచి కరెంటు దిగాక పడుతుంది. ఎర్త్ బాగుంటే లీకు మొదలవగానే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది.

సింగ్‌నగర్ రెండో లైను
ఎర్త్ గురించి మాట వచ్చింది కాబట్టి మా సంగతి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు కిటికీల దాకా నిలిచాయి. నీళ్లు తీశాక కరెంటు ఇచ్చేస్తారని అందరం ఎదురుచూస్తున్నాం. మా బావమరిది వైరింగ్ పనే చేస్తాడు, వచ్చి మెయిన్ వేయనివ్వలేదు. కింది వరసలో ఒక ప్లగ్ బోర్డు విప్పి చూపించాడు. లోపల డబ్బా నిండా మెత్తటి ఒండ్రు, స్క్రూల చుట్టూ పచ్చగా చిలుము. పైన ప్లేటు తుడిస్తే కొత్తదానిలా ఉంది, లోపల అదీ పరిస్థితి.

బోర్డులన్నీ విప్పి కడిగి ఆరబెట్టాడు. మునిగిన ఎంసీబీలు, ప్లగ్‌లు, స్విచ్‌లు మళ్లీ పనికిరావని మార్చేశాడు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) తెచ్చి వైర్లు పరీక్షించాడు. ఒక్కో లైనుకి కనీసం 1 మెగోమ్ రావాలట. వంటగది లైనుకి రాలేదు, పైపులోంచి ఆ వైర్లు లాగితే మధ్యలో టేపు చుట్టిన అతుకు ఉంది, దాంట్లో నీళ్లు. గోడ పైపుల్లో అతుకులు ఉండకూడదని అప్పుడే తెలిసింది. ఎర్త్ గుంత దగ్గర నట్టు తుప్పుపట్టి పొడిపొడిగా ఊడిపోయింది, అదీ కొత్తది వేయించాం. ప్లగ్ పాయింట్లన్నీ నడుము ఎత్తుకి పెంచాం. మళ్లీ వాన పడితే ఏమవుతుందో చెప్పలేం కదండీ.

గుణదల కొండ కింద
మాకు ఇంకో తంటా. మీలాగే మంచిదని ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ఫ్యాన్ వేస్తే చాలు, టక్కున పడిపోతుంది. విసిగిపోయి దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేద్దామని మా ఆయన అంటున్నారు.

ఈఈఈ ఫైనలియర్
డైరెక్ట్ ఇవ్వొద్దక్కా. ఇన్వర్టర్ పెట్టిన ఇళ్లలో ఇది తరచూ వచ్చేదే. ఇన్వర్టర్ పాయింట్ల న్యూట్రల్, మామూలు పాయింట్ల న్యూట్రల్ స్విచ్‌బోర్డుల్లో ఎక్కడో కలిపేసి ఉంటారు. ఫేజు ఒక దారిన వెళ్లి న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తే ఆర్‌సీసీబీ దాన్ని లీకు అనుకుంటుంది. రెండు న్యూట్రల్స్‌నీ విడదీయించండి, పడటం ఆగుతుంది. కాస్త ఓపికగా బోర్డు బోర్డూ వెతకాల్సిన పని, అందుకే కొందరు ఆర్‌సీసీబీనే తీసేయమంటారు.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లందరికీ ఇంకోటి. మెయిన్ ఆపినంత మాత్రాన ఇల్లంతా కరెంటు పోదు. ఇన్వర్టర్ పాయింట్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ట్యూబ్‌లైట్ మార్చాలన్నా, ఫ్యాన్ విప్పాలన్నా ఇన్వర్టర్ కూడా ఆపాలి.

కొత్తపేట పెద్దమ్మ
గుంటూరు కొత్తపేట మాది. నాకు ఈ ఆంపియర్ల లెక్కలు తెలియవు గానీ, కళ్లారా చూసినవి రెండు చెప్పాలి. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ ఉంటుంది చూడండి. నీళ్లు కాగాయా అని స్విచ్ ఆపకుండా వేలు ముంచి చూసేవాళ్లు ఎంతమందో. మా వీధిలో ఒక పిల్ల అలాగే పోయింది తల్లీ, ఇప్పటికీ ఆ ఇంటి ముందునుంచి నడవలేను. ముందు నీళ్లలో రాడ్ పెట్టి ఆ తర్వాతే స్విచ్ వెయ్యాలి. ముట్టుకోవాలంటే స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకేసి అప్పుడు. ఇనప బకెట్ పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో అసలు రాడ్డే వద్దంటాను.

రెండోది దండెం. ఇనప తీగతో దండెం కట్టి, ఒక కొస సర్వీస్ వైరు వచ్చే పైపుకి చుట్టేస్తారు. ఆ వైరు మీద తొడుగు ఎండకి పగిలి దండేనికి తగిలిందంటే, తడిబట్ట ఆరేసే ఆడమనిషి పని అంతే. ప్లాస్టిక్ తాడు కట్టుకోండమ్మా, కరెంటు పైపుకి దూరంగా.

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
పెద్దమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. దండెం చావులు ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీస్ వైరు తొడుగు ఊడినా, చెట్టు కొమ్మకి రాసుకుంటున్నా మీరు నిచ్చెన వెయ్యొద్దు, 1912కి ఫోన్ చేసి చెప్పండి. అది కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు.

ఎవరికైనా షాక్ కొట్టి పట్టేసుకుంటే చేత్తో లాగొద్దు. మెయిన్ ఆపండి. అది అందే దూరంలో లేకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తప్పించండి. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా. తేరుకున్నా సరే, ఆస్పత్రిలో ఒకసారి గుండె పరీక్ష చేయించాలి.

పటమట అపార్ట్‌మెంట్
మా ఏసీ ప్లగ్ పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ వచ్చింది, సాయంత్రం ఏసీ వేసిన గంటకి ఏదో మాడిన కంపు, ఎంసీబీ కూడా పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎంసీబీ 16 నుంచి 32కి మార్చేస్తే ఇక పడదు అన్నాడు. చేయించమంటారా?

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
వద్దు బాబూ, చేయించొద్దు! ఎంసీబీ సైజు వైరు మందాన్ని బట్టి ఉంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 ఆంపియర్లది పెడితే వైరు కాగి తొడుగు కరుగుతున్నా ఎంసీబీ నిలబడే ఉంటుంది. గోడలో మంట మొదలయ్యేది అలాగే. పూర్వం ఫ్యూజులో సన్న తీగ బదులు లావు రాగి తీగ చుట్టేవాళ్లు, ఇదీ ఆ పనే.

ఆ మచ్చా, ఆ కంపూ లూజ్ కనెక్షన్ లక్షణాలు. ప్లగ్ విప్పిస్తే స్క్రూ దగ్గర వైరు నల్లబడి కనిపిస్తుంది. సాకెట్, ప్లగ్ టాప్ రెండూ మార్పించి, నల్లబడిన వైరు కొస కోసేసి కొత్త రాగి తీసి బిగించాలి. మార్చేదాకా ఆ ఏసీ వెయ్యకండి. మన ఎండలకి ఏసీలు రాత్రంతా నడుస్తాయి, స్క్రూ కాస్త వదులైనా అంతసేపు కాగుతూనే ఉంటుంది. ఏసీకి, గీజర్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడిగా లైను ఉంటే మేలు.

ఎక్స్‌టెన్షన్ బాక్సులదీ ఇదే కథ. 6 ఆంపియర్ల ప్లగ్ అంటే 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు. ఇండక్షన్ స్టవ్వు ఒక్కటే 2000 వాట్లు లాగుతుంది.

పటమట అపార్ట్‌మెంట్
ఏసీ ప్లగ్ ఇప్పుడే పీకేశానండి. థాంక్యూ. ఇంకొకటి, ఈ మధ్య ఒకసారి హాల్లో లైట్లు పట్టపగల్లా వెలిగి, పక్క ఫ్లాట్‌లో మసకబారాయి, మా టీవీ పోయింది. అది దేనివల్ల?

ఈఈఈ ఫైనలియర్
బిల్డింగ్‌కి వచ్చే న్యూట్రల్ ఎక్కడో వదిలి ఉంటుందండి. మూడు ఫేజులున్న బిల్డింగ్‌లో న్యూట్రల్ పోతే కొన్ని ఫ్లాట్లకి 300 వోల్టులు దాటి వస్తుంది, కొన్నిటికి బాగా తగ్గిపోతుంది. కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని మసగ్గా కనిపించగానే పరిగెత్తుకెళ్లి మెయిన్ ఆపేయండి, తర్వాత 1912. ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ డీబీలో, అంటే ఎంసీబీలుండే డబ్బాలో పెట్టించుకోవచ్చు.

సింగ్‌నగర్ రెండో లైను
చార్జింగ్ బండ్ల గురించి కూడా రాయండి ఎవరైనా. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే పడగ్గదిలో చార్జింగ్ పెట్టిన ఈ-బైక్ బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. ఆ తర్వాత కూడా మా వీధిలో మంచం పక్కన బ్యాటరీ పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు.

ఈఈఈ ఫైనలియర్
బ్యాటరీ తీసి లోపల పెట్టే బండి అయితే గాలాడే చోట, గుమ్మానికీ మంచానికీ దూరంగా, మెలకువగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టాలి. బండి నడిపి రాగానే వేడి బ్యాటరీకి పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి.

కృష్ణలంక కోడలు
అందరికీ దండాలు, మూలం దొరికింది!

వైర్‌మ్యాన్ గారు చెప్పినట్టే వేరే ఎలక్ట్రీషియన్‌ని పొద్దున్నే పిలిపించాం. మా మెయిన్ ఆపేశాడు. కుళాయికి టెస్టర్ పెడితే వెలిగింది. టెస్టర్‌ని ఒక్కదాన్నే నమ్మకూడదని మీటరు పెట్టాడు, 140 వోల్టులు. తర్వాత టెస్ట్ లాంప్ పెడితే బల్బు ఎర్రగా వెలిగింది. ఓనర్ గారు పక్కనే నిలబడి చూస్తున్నారు, ఆయన మొహం పాలిపోయింది. కిందకెళ్లి వాళ్ల గీజర్ స్విచ్ ఆపగానే పైన బల్బు ఆరిపోయింది. ఆంటీ గారికి మోకాళ్ల నొప్పులు, ఎండాకాలమైనా పొద్దున వేడినీళ్లే. అందుకే పొద్దున్నే షాక్.

గీజర్ విప్పితే ఎలిమెంట్ చుట్టూ బోరు నీళ్ల ఉప్పు సున్నంలా గడ్డకట్టి ఉంది. అది గీకితే కింద గొట్టం సన్నగా చీలి కనిపించింది. ఎర్త్ గుంత ఏదంటే, మెట్ల పక్కన గచ్చు వేయించినప్పుడు పైపు కోసేసి పూడ్చేశారట. పచ్చ వైరు మాత్రం ఇల్లంతా ఉంది.

ఇప్పుడు పెరట్లో కొత్త ఎర్త్ వేయించారు, రెండు పోర్షన్లకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు, కింద గీజర్‌కి కొత్త ఎలిమెంట్. ఫ్రిజ్ పచ్చ వైరు మళ్లీ కలిపించాం. ఖర్చంతా ఓనర్ గారే పెట్టుకున్నారు. పాపని పిలిచి తల నిమిరి వెళ్లారు.

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
చాలా సంతోషం తల్లీ. 140 వోల్టుల కుళాయి అంటే మామూలు విషయం కాదు, సమయానికి పట్టుకున్నారు. ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించాడా? న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయి?

కృష్ణలంక కోడలు
2 వోల్టుల లోపే అన్నాడండి. ప్లగ్‌లు విప్పి చూస్తే ఒకదాంట్లో న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న వైరు ముక్క వేసి ఉంది, అది తీసేశాడు. అదెందుకు వేస్తారు?

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
ఎర్త్ లేని చోట ఉన్నట్టు చూపించడానికి వేస్తారమ్మా. తీసేయడం చాలా మంచిపని. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే ఆ ముక్క గుండా ఫేజు నేరుగా వస్తువు రేకు మీదికి వస్తుంది. మీ ఇంట్లో మిగిలిన త్రీపిన్ సాకెట్లన్నీ కూడా విప్పించి చూడండి, ఒకచోట వేసినవాడు ఇంకోచోట కూడా వేసి ఉంటాడు.

కృష్ణలంక కోడలు
ఆదివారం అన్నీ విప్పుతానన్నాడు. ఆర్‌సీసీబీ మీద టి అని ఒక బటన్ ఉంది, అది ఎప్పుడు నొక్కాలి? మా మీటరు దగ్గర బండి తాళాలు తగిలిస్తున్నారు, అదేమైనా ఇబ్బందా?

పాత వైర్‌మ్యాన్, గుంటూరు
నెలకోసారి, కరెంటు ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కండి. టక్కున పడాలి, మళ్లీ పైకి లేపితే నిలబడాలి. పడకపోతే మార్పించేయాలి. ఆ బటన్ ఆర్‌సీసీబీనే పరీక్షిస్తుంది, ఎర్త్‌ని కాదు. అందుకని ఎర్త్‌ని ఏడాదికోసారి ఎండలు ముదిరాక విడిగా పరీక్షింపజేయండి, నేల ఎండినప్పుడే దాని బలం తగ్గేది. గుంతలో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోయమని ఓనర్ గారికి చెప్పండి. తాళాలకి వేరే మేకు కొట్టించండి. కింద గీజర్‌ని బోరు నీళ్లకి ఏటా ఒకసారి విప్పించి సున్నం తీయించాలి, అప్పుడే ట్యాంకుకి తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం రాడ్ అరిగిందేమో చూసి మార్పించమనండి. మీ పై గీజర్ కూడా అదే నీళ్లు తాగుతోంది కాబట్టి, చలికాలంలో మొదటిసారి వేసేముందు దాన్నీ విప్పించండి.